సంక్రాంతి డబ్బు వినాయక చవితి దాకా

ఆళ్లగడ్డలో మా మేనత్త వంటింటి గూట్లో రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి ఉంటుంది. అట్ట మీద పసుపు మరకలు, దారంతో కట్టిన పెన్ను. ఆమె లెక్క జనవరి 1తో మొదలు కాదు, ఉగాదితోనూ కాదు. వడ్ల డబ్బు ఇంటికొచ్చిన రోజుతో మొదలవుతుంది. ఒక ఏడాది అది జనవరి 9, ఇంకో ఏడాది ఫిబ్రవరి 2. పేజీ పైన ఒకే ఒక్క అంకె, దాని కింద పన్నెండు గీతలు. ఒక్కో గీత ఒక్కో నెల. ఆమె చదివింది ఏడో తరగతి. ఇంటి ఖర్చు గురించి నేను చదివిన పుస్తకాలేవీ చెప్పని సంగతి ఆ పన్నెండు గీతల్లో దొరికింది.

పేపర్లలో, టీవీల్లో వచ్చే సలహాలు దాదాపు అన్నీ నెలజీతం ఇళ్లకు రాసినవి. రాబడిలో సగం అవసరాలకు, ముప్పై శాతం ఇష్టాలకు, ఇరవై శాతం పొదుపుకు అనే సూత్రం మీరూ వినే ఉంటారు. అమెరికాలో ఎలిజబెత్ వారెన్ తన కూతురితో కలిసి 2005లో రాసిన పుస్తకంతో అది ప్రపంచమంతా పాకింది. మంచి సూత్రమే. కానీ ఒకటో తారీఖున జీతం పడుతుందనే నమ్మకం మీద నిలబడింది. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా నలభై కిలోమీటర్ల పైచిలుకు రోడ్డు పొడవునా ఎన్ని ఇళ్లకు ఒకటో తారీఖు ఉంది? కేసీ కాలువ కింద వరి, నల్లరేగడిలో శనగ, మిరప, పత్తి. రోడ్డు పక్కన శిల్పుల షెడ్లు. ఇక్కడ డబ్బు ఏడాదికి ఒకసారో రెండుసార్లో ముద్దగా వస్తుంది. ఖర్చు మాత్రం ప్రతిరోజూ చిల్లరగా పోతుంది. ఇక్కడి ఇళ్ల ఇబ్బందిలో చాలా భాగం రాబడి తక్కువై వచ్చింది కాదు, ఈ రెండింటి కాలం కుదరక వచ్చింది. సంక్రాంతికి చేతినిండా ఉన్న ఇల్లే వినాయక చవితికి చేబదులు కోసం తిరుగుతుంది. అంతమాత్రాన ఆ ఇంటివాళ్లు దుబారా మనుషులని అనడం అన్యాయం. వాళ్లకు లెక్కించే పద్ధతిని ఎవరూ చూపించలేదు.

అంకెలతో చూద్దాం. మూడెకరాల వరి, ఇద్దరు పిల్లలు, ఒక ఎనుము ఉన్న ఇల్లు అనుకోండి. తిండిగింజలు ఉంచుకుని, పోయిన పంట పెట్టుబడి అప్పు తీర్చాక 1,80,000 రూపాయలు మిగిలాయి. పన్నెండుతో భాగిస్తే నెలకు 15,000. చాలామంది మనసులో ఉండే లెక్క ఇదే. కానీ ఆ డబ్బులో కొంత ఇప్పటికే వేరేవాళ్లది. వచ్చే ఖరీఫ్‌కు చేతి పెట్టుబడి 40,000. జూన్‌లో ఫీజులు, పుస్తకాలు, యూనిఫాం కుట్టుకూలి కలిపి 30,000. పండుగలు, చుట్టాల పెళ్లిళ్ల చదివింపులు 14,000. ఇన్సూరెన్సు, బండి మరమ్మతు, ఇంటి పన్ను 6,000. మొత్తం 90,000. మిగిలిన 90,000ను పన్నెండుతో భాగిస్తే నెలకు 7,500. పాల డబ్బు నెలకు 4,000 వస్తుందనుకుంటే ఆ ఇల్లు నెలకు 11,500తో నడవాలి. 15,000 అనుకుని నడిపితే, పాల డబ్బు కూడా దానిలో కలుపుకుని 19,000 అనుకుని నడిపితే, జూన్ వచ్చేసరికి ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

మా అత్త చేసేది ఇదే. ముందు తెలిసిన పెద్ద ఖర్చులు తీసేస్తుంది, తర్వాతే భాగిస్తుంది. తీసేసిన డబ్బును ఇంట్లో ఉంచదు. జూన్ ఫీజుల డబ్బుకు ఒక డిపాజిట్, ఎరువుల డబ్బుకు ఒకటి, దసరాకు ఇంకొకటి. బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ అంటే ఏళ్లకేళ్లు వేయాలని చాలామంది అనుకుంటారు. మూడు నెలలకూ వేయొచ్చు, ఐదు నెలలకూ వేయొచ్చు. వడ్డీ కొద్దిగానే వస్తుంది, అది ముఖ్యం కాదు. ఆ డబ్బు కంటికి దూరంగా ఉండటం ముఖ్యం. ఎదురుగా డబ్బుంటే అడిగేవాళ్లు వస్తారు, మనకూ ఖర్చులు గుర్తొస్తాయి. ఏ బ్యాంకులోనైనా ఒక మనిషి డిపాజిట్లకు, వడ్డీతో కలిపి 5 లక్షల దాకా బీమా ఉంటుంది. 2020 ఫిబ్రవరి నుంచి ఆ పరిమితి అమల్లో ఉంది. ఇక్కడి ఊళ్లలో ఎక్కువమందికి తెలిసిన ఆంధ్రా ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసింది. పాత పాసుబుక్కు చూసి భయపడాల్సింది లేదు, ఖాతాలో డబ్బు అలాగే ఉంటుంది.

శిల్పుల ఇళ్లలో ఈ లెక్క ఇంకాస్త చిక్కు. ఆళ్లగడ్డ విగ్రహాలు దూరదూరాల గుళ్లకు పోతాయి. ఆర్డరిచ్చిన వాళ్లు అడ్వాన్సు ఇస్తారు, విగ్రహం పూర్తయ్యాక మిగతాది. ప్రతిష్ఠ ముహూర్తం వెనక్కి పోతే ఆ మిగతాదీ వెనక్కి పోతుంది. మూఢాలు, శూన్యమాసాలు వస్తే కొత్త ఆర్డర్లు సన్నగిల్లుతాయి. లక్ష రూపాయల అడ్వాన్సు ఇంటికి వచ్చిన రోజు ఇల్లు కలకలలాడుతుంది, సహజం. కానీ ఆ లక్షలో రాయి ఖరీదు ఉంది, రాయి తెచ్చిన లారీ బాడుగ ఉంది, నాలుగు నెలలు ఉలి పట్టే పనివాళ్ల కూలి ఉంది, పాలిషు రాళ్లు, కరెంటు బిల్లు ఉన్నాయి. అడ్వాన్సు రాబడి కాదు. ఇంకా చేయని పనికి ముందే పుచ్చుకున్న బాకీ. దాన్ని ఇంటి ఖర్చుకు వాడితే తర్వాతి ఆర్డరు అడ్వాన్సుతో ముందటి విగ్రహం పూర్తి చేయాల్సి వస్తుంది. ఆ గొలుసు ఏదో ఒక మూఢంలో తెగుతుంది. అందుకని ఈ పనిలో ఉన్నవాళ్లకు నేను చెప్పే మాట ఒకటే: షెడ్డు ఖాతా వేరు, ఇంటి ఖాతా వేరు. రెండు పాసుబుక్కులు. షెడ్డు ఖాతా నుంచి నెలకు ఇంత అని ఇంటి ఖాతాకు జీతంలా పంపుకోండి. విగ్రహం అప్పజెప్పి చివరి పైసా వచ్చాక మిగిలింది మాత్రమే లాభం.

ఇక అప్పు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం. ఇక్కడే ఇళ్లు మునుగుతాయి.

మన వైపు వడ్డీని శాతాల్లో చెప్పం, రూపాయల్లో చెబుతాం. రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు రెండు రూపాయలు, ఏడాదికి 24 శాతం. మూడు రూపాయలంటే 36. చెవికి చిన్నగా వినిపించడమే ఆ లెక్కలోని ప్రమాదం. 50,000 రెండు రూపాయల వడ్డీకి తెస్తే ఏడాదికి 12,000 వడ్డీ. అదే 50,000 బ్యాంకు పంట రుణంగా తెస్తే 7 శాతం చొప్పున 3,500. 3 లక్షల లోపు పంట రుణాన్ని గడువులోగా కడితే కేంద్రం ఇచ్చే రాయితీతో అది 4 శాతానికి, అంటే 2,000కు దిగుతుంది. తేడా పది వేలు. గుత్తకు చేసే రైతులకు ఈ రుణం అంత సులువుగా అందదని నాకు తెలుసు, అదే ఈ ఊళ్ల పెద్ద బాధ. అయినా సొంత పేర పొలం పాసుపుస్తకం ఉండి కూడా బ్యాంకు మెట్లెక్కడానికి మొహమాటపడి బయట వడ్డీకి తెచ్చేవాళ్లను చూస్తే మనసు చివుక్కుమంటుంది.

బయటి అప్పులో అసలు దెబ్బ నోటు తిరగరాసినప్పుడు తగులుతుంది. ప్రామిసరీ నోటుకు మూడేళ్లే గడువు. ఆ తర్వాత కోర్టుకు పోవడానికి వీలుండదు కాబట్టి, గడువు దగ్గరపడగానే అప్పిచ్చినాయన కొత్త నోటు అడుగుతాడు. అప్పటికి 50,000 మీద మూడేళ్ల వడ్డీ 36,000. కొత్త నోటు 86,000కు రాస్తారు. ఇక వడ్డీ 86,000 మీద. ఇంకో మూడేళ్లకు వడ్డీ 61,920. మొత్తం బాకీ 1,47,920. నోటు తిరగరాయకుండా అదే రెండు రూపాయల బారువడ్డీ ఆరేళ్లు నడిచి ఉంటే 1,22,000 అయ్యేది. ఆ 25,920 ఒక్క సంతకంతో పెరిగింది. నోటు తిరగరాయక తప్పని పరిస్థితి వస్తే, ఎంతో కొంత వడ్డీ కట్టి, అసలు అంకె పెరగకుండా రాయించుకోండి. పాత నోటు వెనక్కి తీసుకోవడం మరచిపోవద్దు. కట్టిన ప్రతి మొత్తాన్నీ నోటు వెనక రాయించి సంతకం పెట్టించుకోండి. తెలిసిన మనిషి కదా అని సిగ్గుపడొద్దు, అప్పిచ్చినాయన మన దగ్గర నోటు రాయించుకోవడానికి సిగ్గుపడలేదు.

రోజువారీ ఫైనాన్సు ఇంకో రకం. అంగళ్ల వాళ్లు, తోపుడు బండ్ల వాళ్లు ఎక్కువగా దీంట్లో పడతారు. పదివేలు అని రాసుకుని తొమ్మిది వేలు చేతికిస్తారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వెయ్యే కదా, పది శాతమే కదా అనిపిస్తుంది. కానీ తెచ్చిన తెల్లారి నుంచే తిరిగి కడుతున్నాం. వంద రోజుల్లో సగటున మన చేతిలో ఉన్నది నాలుగున్నర వేలే. నాలుగున్నర వేలకు వంద రోజులకు వెయ్యి రూపాయలంటే, ఏడాదికి 80 శాతం దాటుతుంది. ఇలాంటి లెక్క వారం వారం మైక్రోఫైనాన్సు అప్పుల్లో ఎక్కడికి పోతుందో మన రాష్ట్రం కళ్లారా చూసింది. ఆత్మహత్యల వార్తలు వరసగా వచ్చాక 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆ సంస్థల మీద ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. ఒక సంస్థ కిస్తీ కట్టడానికి ఇంకో సంస్థ దగ్గర అప్పు తేవడంతో మొదలైన కథలవి. కాబట్టి ఒక అప్పు కందాయానికి ఇంకో అప్పు చేయాల్సిన రోజు వస్తే, దాన్ని మామూలు ఇబ్బందిగా తీసుకోవద్దు. ఆ రోజే ఇంటిల్లిపాదీ కూర్చుని ఏది అమ్మాలో, ఏది ఆపాలో మాట్లాడుకోవాలి.

బంగారం కుదువ పెట్టడం గురించి క్లుప్తంగా చెబుతాను. బ్యాంకులో కుదువ పెట్టడం తప్పు కాదు, బయటి వడ్డీ కంటే ఎన్నో రెట్లు మేలు. అయితే నగ పోయిన తారీఖు పక్కనే, తిరిగి ఇంటికి రావాల్సిన తారీఖు కూడా పుస్తకంలో రాయాలి. ఏటేటా వడ్డీ మాత్రం కట్టి తిరగరాస్తూ పోతే నగ బ్యాంకుదే అయిపోతుంది.

మన ఊళ్లలో పొదుపంటే ముందు గుర్తొచ్చేది చీటీ. ఇరవై మంది, నెలకు ఐదు వేలు, లక్ష రూపాయల చీటీ అనుకోండి. ఐదో నెల పాటలో ఒకరు 25,000 తగ్గించి పాడారు. నిర్వాహకుడి కమీషను 5,000 పోగా మిగిలిన 20,000 ఇరవై మందికి తలా వెయ్యి. ఆ నెల అందరూ కట్టేది నాలుగు వేలే. పాడినాయనకు చేతికి 75,000 వస్తుంది, లక్ష లెక్కన చివరిదాకా కట్టాలి. అంటే ముందు పాడేవాడికి చీటీ ఒక అప్పు, చివరిదాకా ఆగేవాడికి పొదుపు. మీరు ఏ పని మీద చేరుతున్నారో చేరేటప్పుడే తేల్చుకోండి. చట్టం ప్రకారం కమీషను 7 శాతం మించకూడదు. 2019 సవరణకు ముందు 5 శాతమే ఉండేది. రిజిస్టరైన చీటీకి ఒప్పంద పత్రం ఉంటుంది, దాని నకలు మీకివ్వాలి. అడగండి. వీధిలో నమ్మకం మీద నడిచే చీటీలో ఆ కాగితం ఉండదు. నడిపే మనిషి ఎంత మంచివాడైనా, పాడుకున్న ఇద్దరు ఊరు వదిలి పోతే ఆయన ఎక్కడి నుంచి తెస్తాడు?

ఉమ్మడి కర్నూలు జిల్లా ఈ విషయంలో తగిలించుకున్న గాయం ఒకటుంది. కొన్ని ప్రైవేటు బడులు తల్లిదండ్రులకు ఒక ఆశ చూపించాయి. పిల్లవాణ్ని చేర్చేటప్పుడు ఒకేసారి పెద్ద మొత్తం డిపాజిట్ కట్టండి, పదో తరగతి దాకా ఫీజు వద్దు, చదువు అయ్యాక డిపాజిట్ పైసాతో సహా తిరిగిస్తామన్నారు. పంట డబ్బు ముద్దగా వచ్చే ఇంటికి ఇంతకన్నా తీపి మాట ఉండదు. ఏటా జూన్ దిగులు తీరిపోతుంది. వడ్ల డబ్బు, పొలం అమ్మిన డబ్బు తెచ్చి కట్టారు. 2015లో అలాంటి ఒక విద్యాసంస్థల యజమాని అరెస్టయ్యేదాకా వచ్చింది, తిరిగి రాని డిపాజిట్ల కోసం తల్లిదండ్రులు రోడ్డెక్కారు. బడి బ్యాంకు కాదు. అక్కడ 5 లక్షల బీమా లేదు. కొత్తగా చేరే పిల్లల డబ్బుతో పాత పిల్లల డబ్బు తీర్చే ఏర్పాటు, చేరికలు తగ్గిన ఏడాది కూలుతుంది. 2019లో కేంద్రం అనుమతి లేని డిపాజిట్ పథకాలను నిషేధిస్తూ చట్టం చేసింది. అయినా ఈ రోజుకూ ఎవరైనా ఫీజు బదులు డిపాజిట్ అంటే, ప్లాటు బదులు డిపాజిట్ అంటే, ఆ తీపి మన ఏ బలహీనతను తాకుతోందో ఒక్క క్షణం ఆలోచించండి. జూన్ దిగులుకు మందు జనవరిలో వేసే ఐదు నెలల డిపాజిట్టే.

నంద్యాల నుంచి కర్నూలు పోయే దారిలో ఓర్వకల్లు వస్తుంది. 1990ల నడుమ ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ సాయంతో పేదరిక నిర్మూలన కార్యక్రమం అడుగుపెట్టిన మండలాల్లో అదొకటి. రోజుకు రూపాయి, నెలకు ముప్పై రూపాయలు. అలా మొదలుపెట్టిన ఆడవాళ్ల పొదుపు సంఘాలు మండల స్థాయి సమాఖ్యగా ఎదిగాయి. ఆ కథలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది రూపాయి కాదు, పుస్తకం. నలుగురి ముందు చదివి వినిపించే లెక్కల పుస్తకం. ఎవరు కట్టారు, ఎవరు కట్టలేదు, ఎవరికి ఎందుకు అప్పిచ్చారు, అన్నీ బయటే. ఈ రోజు పొదుపు సంఘాల్లో కనిపించే జబ్బు కూడా పుస్తకం మూతపడటంతోనే మొదలవుతోంది. సంఘంలో ఒక సభ్యురాలి పేర అప్పు తీస్తారు, డబ్బు మరిదికో, అన్నకో పోతుంది, కందాయం మాత్రం ఆమె కట్టాలి. అక్కలారా, మీ సంతకంతో వచ్చిన అప్పు ఇంట్లో ఎవరు వాడినా, నెలనెలా ఎవరు ఎంత మీ చేతిలో పెట్టాలో తీసుకునే రోజే తేల్చండి.

ప్రభుత్వం ఖాతాల్లో వేసే డబ్బుకు కూడా ఈ పుస్తకంలో చోటుండాలి. పీఎం కిసాన్ ఏడాదికి మూడు విడతలుగా 6,000. 2025లో మళ్లీ మొదలైన అన్నదాత సుఖీభవతో కలిపితే 20,000. తల్లికి వందనం కింద 2025 జూన్‌లో బిడ్డకు 13,000 చొప్పున తల్లుల ఖాతాల్లో పడింది. ఇవి వచ్చినప్పుడు చూద్దాంలే అనుకుంటే వచ్చిన వారానికే కలిసిపోతాయి. ప్రతి విడతకూ ముందే ఒక పేరు పెట్టండి: ఇది యూరియాకు, ఇది పుస్తకాలకు. కాకపోతే విడత ఆలస్యమైనా ఇల్లు ఆగకుండా ఉండాలి, అందుకే పైన చూపిన నెల లెక్కలో వీటిని నేను కలపలేదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక మా అత్త నంద్యాల పోయొచ్చిన ప్రతిసారీ పాత ఛార్జీ ఎంతో అంత తీసి ఒక బోర్నవిటా డబ్బాలో వేస్తోంది. వేయకపోతే ఆ మిగులు మిగలదు, ఇంకో ఖర్చులో కలిసిపోతుంది.

చివరగా 456 రూపాయల సంగతి. బ్యాంకు ఖాతా ఉన్నవాళ్లకు ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమా ఏడాదికి 436 రూపాయలు, సురక్షా బీమా 20 రూపాయలు. మొదటిది 18 నుంచి 50 ఏళ్లలోపు చేరినవాళ్లు ఏ కారణంతో చనిపోయినా ఇంటికి 2 లక్షలు ఇస్తుంది, రెండోది ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు. ఈ డబ్బు ఏటా మే చివరి రోజుల్లో ఖాతా నుంచి దానంతట అదే కోతపడుతుంది. మన ఊళ్లలో ఖాతాలు ఖాళీగా ఉండే నెలలు చెప్పమంటే మేనే ముందు చెబుతాను. పంట డబ్బు అయిపోయి, జూన్ ఖర్చులు ముంగిట నిలబడ్డ నెల. కోతకు ఖాతాలో డబ్బు లేక బీమా ఆగిపోతుంది, ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. మేలో ఆగి జులైలో ఇంటి పెద్ద పోతే, అంతకుముందు పదేళ్లు కట్టినదానికి ఒక్క రూపాయి రాదు. అత్త పుస్తకంలో మే గీత కింద ఎర్రసిరాతో ఒక్కటే మాట ఉంటుంది: 456 ముట్టుకోరాదు.

పోయిన దీపావళికి నేను అక్కడే ఉన్నాను. ప్రతి నెలా చేసినట్టే ఆ నెల లెక్క అత్త బయటికి చదువుతోంది. మామ మంచం మీద కూర్చుని వింటున్నాడు. పాలు, కిరాణా అంగడి, మందులు, గ్యాసు. అయిపోయాక పుస్తకం మూయబోతుంటే మామ, "ఆగు, ఇంకోటుంది" అన్నాడు. రెండేళ్ల కిందట బోరు మోటారు కాలిపోయినప్పుడు తెచ్చిన ముప్పై వేలు, రెండు రూపాయల వడ్డీ, నోటు రాసిచ్చాడు, ఇంట్లో చెప్పలేదు. అత్త కాసేపు ఏమీ అనలేదు. తర్వాత కొత్త పేజీ తిప్పి పైన తారీఖు వేసి అడిగింది, "ఇప్పటికి వడ్డీ ఎంతైంది? నోటుకు మూడేళ్లు ఎప్పటికి నిండుతాయి?"